వాన తగలని ముడి

కడియంలో మొక్క బతకాలంటే మనిషి దానికి అడ్డు రాకుండా ఉంటే చాలని సంపూర్ణమ్మ అంటూ ఉండేది. అంటూనే తెల్లవారి లేచింది మొదలు పొద్దుగూకేదాకా మొక్కలకు అడ్డు వస్తూనే ఉండేది. ఆవిడ అంటు కడితే పట్టకపోవడమన్నది లేదు. ఒక వానాకాలం పరధ్యానంలో పక్కన గుచ్చి ఉన్న గొడుగు కర్రకు గులాబీ కొమ్మ అంటు కట్టేసిందట. మూడోవారానికి గొడుగు మొగ్గ తొడిగిందట. అది వేసుకుని సంతకు వెళ్తే తేనెటీగలు వెంటపడ్డాయట. ఇదంతా నర్సరీలో ఆవిడ పక్కన పాతికేళ్లు పనిచేసిన బేబి ప్రమాణం చేసి చెప్పే మాట. ఆ గొడుగేదీ అని అడిగితే మాత్రం, "లోడుతోపాటు లారీ ఎక్కేసి కలకత్తా ఎల్లిపోయిందండి, ఆయ్" అంటుంది.

ఆ సంపూర్ణమ్మకు కోడలు వీరవేణి. రాజమండ్రిలో బోటనీ చదివింది. చంద్రరావును పెళ్లాడి రెండెకరాల నర్సరీలోకి అడుగుపెట్టిన వారానికే అత్తగారు ఆమె చేతికి అంటుకత్తి ఇచ్చింది.

"మొక్కలకి ఇంగిలీషు పేర్లు తెలుసంటగా నీకు?"

"లాటిన్ పేర్లండి అత్తయ్యా."

"అయితే ఆ పేరెట్టి పిలు. పలుకుద్దేమో చూద్దాం."

పలకలేదు. వీరవేణి కట్టిన మొదటి ఇరవై అంట్లలో పందొమ్మిది ఎండిపోయాయి. ఇరవయ్యోది చిగురేసింది. "నిన్ను చూసి జాలిపడినట్టుంది పాపం" అంది సంపూర్ణమ్మ. ఆ రోజు నుంచి రోజూ ఆమె వెనకాలే నిలబడి, భుజం మీదుగా వంగి, తన చేతులు ఆమె చేతుల మీద వేసి ముడి వేయించేది. వేయిస్తూ తిట్టేది. "అది ముడా, జడగంటలా? వదులుగా కడితే కొమ్మ ఊడిపోద్ది, బిగించేత్తే ఊపిరాడదు. నా ఏళ్లు సూడు. నా మొహం కాదే, ఏళ్లు సూడమన్నాను!" మూడేళ్లలో వీరవేణి తిన్న తిట్లు పుస్తకంగా వేస్తే అంటు కట్టే విద్యకు అంతకుమించిన పాఠ్యగ్రంథం ఉండేది కాదు.

ఆ నర్సరీలో ఒక పద్ధతి ఉంది. అంటు కట్టే ఆడవాళ్లు ఎవరి పాత చీర వాళ్లు చింపి, ఆ పీలికలతో కడతారు. ఎవరి అంటు పట్టిందో, ఎవరిది పోయిందో పీలిక రంగు చూస్తే తెలిసిపోతుంది. కోసిన చోట చిటికెడు పసుపు అద్ది, పైన పీలిక చుట్టి ముడి వేస్తారు. మిగతా నర్సరీలన్నీ ప్లాస్టిక్ టేపులోకి మారినా సంపూర్ణమ్మ మారలేదు. టేపు చుడితే మళ్లీ గుర్తుపెట్టుకుని కోయాలి. నూలు గుడ్డయితే ఎండకు ఎండి, వానకు నాని, నాలుగైదు నెలల్లో దానంతట అదే చివికి రాలిపోతుంది. అప్పటికి కొమ్మా మొక్కా ఒకటైపోయి ఉంటాయి. "మన పనయ్యాక మనం ఊడిపోవాల" అనేది ఆవిడ. బేబిది ఎర్ర పీలిక. సంపూర్ణమ్మకు మాత్రం ఏటా ఒక రంగు. చివరి ఏడాది ఆవిడ చింపింది నీలం మీద తెల్లచుక్కల చీర. ఎప్పుడో కొడుకు రాజమండ్రి నుంచి తెస్తే పదకొండేళ్లు కట్టి, మెత్తబడ్డాక అంట్లకు తీసింది.

2005లో నర్సరీ ఆఫీసు గదికి ఫోను తీగ మీద ఇంటర్నెట్టు వచ్చింది. ఆఫీసు గదంటే రేకుల షెడ్డులో ఓ మూల, ఎరువుల బస్తాలకు ఇవతల ఒక బల్ల. ఆ బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని వీరవేణి బెంగళూరులో మొక్కలమ్మే ఒక కంపెనీకి కాంట్రాక్టు పనికి కుదిరింది. పేపర్లో ప్రకటన చూసి రాసింది, ఫోనులోనే పరీక్ష పెట్టారు, ఫోనులోనే తీసుకున్నారు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు బాల్కనీ కోసం మొక్క కొనుక్కుంటారు. అది వాడిపోతే కంపెనీకి మెయిలు రాస్తారు. ఆ మెయిలు వీరవేణికి వస్తుంది. నాలుగు గంటల్లోగా జవాబివ్వాలి. కింద తన పేరు రాయకూడదు, 'మీ గ్రీన్ ఎక్స్‌పర్ట్' అని రాయాలి. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు కొత్తగా రాస్తారు, లేదా రాయరు.

తన చదువుకు ఇన్నాళ్లకు ఎక్కడో ఒక చోట పని పడిందని వీరవేణి మురిసిపోయింది. సంపూర్ణమ్మ మాత్రం బుగ్గ నొక్కుకుంది.

"కనపడని మొక్కకి కనపడని మనిషి వైద్యమా? ఇయ్యాల ఎన్నిటిని చంపేవే?"

అలా అంటూనే పీట వేసుకుని పక్కన కూర్చునేది. వీరవేణి మెయిలు తెలుగులో చదివి వినిపించేది. 'ఆకు అంచులు మాడుతున్నాయి.' 'మొగ్గలు విచ్చుకోకుండానే రాలుతున్నాయి.' సంపూర్ణమ్మ కళ్లు మూసుకుని వినేది. ఆ బాల్కనీ తనకు కనబడుతున్నట్టే చెప్పేది. "ఆవిడ బట్టలుతికిన నీళ్లు పోత్తంది. అడుగు." అడిగితే నిజమే అయ్యేది. "ఆయనగారు రోజూ పొద్దున్న మొక్కని పీకి ఏరొచ్చిందో లేదో చూసి మళ్లీ పాతెడతన్నాడు. రాయి, తిట్టి రాయి!" తిట్టు తీసేసి మిగతాది ఇంగ్లీషులో పెట్టి వీరవేణి రాసేది. అవతలి మొక్క కోలుకునేది. బెంగళూరులో చాలామంది చాలాకాలం, తమ బాల్కనీలను కాపాడుతున్నది ఎవరో పెద్ద చదువులు చదివిన దొరగారనుకున్నారు. 'డియర్ మిస్టర్ ఎక్స్‌పర్ట్' అని రాసేవారు. ఆ మిస్టర్ ఎక్స్‌పర్టు నోట్లో పొగాకు కాడ పెట్టుకుని, పీట మీద కూర్చుని, బోదె కాలవలో ఉమ్మేసి వస్తూ ఉండేది.

ఆ పైన మాథుర్ గారని ఒకాయన ఉండేవాడు. వీరవేణికి మేనేజరు. ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. రెండు వారాలకోసారి శుక్రవారం నాలుగింటికి ఫోను చేసి సరిగ్గా తొమ్మిది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడేవాడు. గొంతు ఎప్పుడూ లేచేది కాదు. వీరవేణిని 'వీరా' అనేవాడు. ఆమె మగమనిషో ఆడమనిషో తేల్చుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదేమో.

మొదట్లోనే ఆమె ఆయనకు రాసింది. కడియంలో రోజూ కరెంటు పోతుంది, కాబట్టి నాలుగు గంటల గడువును కాస్త ఆరు చేయగలరా అని. రెండు ముక్కల్లో, దానికి తగ్గట్టు మీరే సర్దుకోండన్న అర్థంలో, జవాబు వచ్చింది: 'ప్లాన్ అకార్డింగ్‌లీ.' గాలివానకు ఫోను స్తంభం పడిపోయింది, రెండు రోజులు పని చేయలేనని రాజమండ్రి వెళ్లి అక్కణ్నుంచి రాసింది. 'నోటెడ్. ప్లాన్ అకార్డింగ్‌లీ.' జబ్బు మొక్కను కళ్లతో చూడకుండా చెప్పడం కష్టం, కస్టమర్లను ఫోటో పంపమని అడగవచ్చా అని రాసింది. ఫోటోలు సిస్టమ్ మీద బరువు, అడగొద్దన్నాడు. ఆ కింద మళ్లీ ఆ రెండు ముక్కలే.

ఇంట్లో అదో ఆట అయిపోయింది. పప్పులో ఉప్పెక్కువైతే చంద్రరావు కంచం ముందు కూర్చుని, "ప్లాన్ అకార్డింగ్‌లీ" అని పెద్ద చెంబుతో మంచినీళ్లు తెచ్చుకునేవాడు. సంపూర్ణమ్మ దాన్ని ఏదో పురుగుమందు అనుకుంది. "ఆ పిలాను కార్డింగులేదో మన మందారాలకీ కొట్టించరా, పిండినల్లి పట్టింది" అంది. వీరవేణి బల్ల మీద తల వాల్చి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆ ఏడు కార్తీకమాసంలో సంపూర్ణమ్మ పోయింది. పొద్దున్న మల్లె అంట్ల దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. చేతిలో పీలిక అలాగే ఉంది. బేబి ఆ ముడి పూర్తి చేసి, అప్పుడు ఏడ్చింది. పదో రోజున ఆవిడ కట్టిన బట్టలన్నీ వాడుక ప్రకారం చాకలికి ఇచ్చేశారు. తెల్లచుక్కల నీలం చీర అందులో లేదు. ఎలా ఉంటుంది? పీలికలై, పీలికలు ముడులై, ముడులు మొక్కల మీదెక్కి లారీల్లో వెళ్లిపోయాయి. తోటలో మిగిలిన మొక్కల మీదివి ఆ మరుసటి వానలకు చివికి మట్టిలో కలిసిపోయాయి. వీరవేణి ఒకరోజు వరసలన్నీ తిరిగి వెతికింది. ఒక్క దారప్పోగు కూడా దొరకలేదు. ఆవిడ అన్న ప్రకారమే, పనయ్యాక ఊడిపోయింది.

అత్తగారు పోయిన నాడు సెలవు కావాలని వీరవేణి రాసినప్పుడు మాథుర్ గారు 'సారీ ఫర్ యువర్ లాస్' అని రాశాడు. ఆ తర్వాత ఒక ఖాళీ వరస. ఆ కింద ఏముందో చెప్పనక్కరలేదు.

తర్వాత పని సాగింది గాని, గదిలో పీట ఖాళీగా ఉంది. మెయిలు వచ్చినప్పుడు వీరవేణి అలవాటుగా తెలుగులో పైకి చదివేది. చదివాక ఆగేది. షెడ్డు రేకుల మీద ఉడత పరుగెత్తిన చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు. అప్పుడిక కంపెనీ వారు ఇచ్చిన తయారు జవాబుల్లోంచి ఒకటి తీసి పెట్టేది. ఆకులు పసుపైతే నీళ్లు తగ్గించండి. మొగ్గలు రాలితే ఎండ పెంచండి. హ్యాపీ గార్డెనింగ్. ఒక కస్టమరుకు రెండు జవాబులకు మించి ఇవ్వకూడదు. మూడోసారి రాస్తే తగ్గింపు కూపను ఇచ్చి ఫైలు మూసేయాలి. అలా మూసిన మొక్కల్లో ఎన్ని బతికాయో, ఎన్ని చెత్తబుట్టలోకి వెళ్లాయో ఆమెకు తెలియదు. ఏడాదిన్నరలో తను వైద్యం చేసినవాటిలో ఒక్క మొక్కను కళ్లారా చూడలేదు. ఒక్కదాన్ని చూడాలని ఉండేది. పూత కూడా అక్కర్లేదు, ఆకు నిగనిగలాడుతుంటే చాలు.

"ఏంటే, ఆ పెట్టెకేసి అలా చూత్తావు? చూత్తే పూత్తదా?" అని అడిగేవారు ఎవరూ లేకపోయారు. తిట్టు కోసం చెవి కోసుకోవడమంటే ఏంటో వీరవేణికి అప్పుడు తెలిసింది.

2006 ఆషాఢంలో మిసెస్ పింటో అనే ఆవిడ నుంచి మొదటి మెయిలు వచ్చింది. ఏడో అంతస్తు, గాజు బిగించిన బాల్కనీ, సింహాచలం సంపెంగ మొక్క. 'మూడు నెలలైంది. ఎదగడం లేదు. అలిగిన పిల్లలా ఉంది' అని రాసింది. ఇంగ్లీషు చక్కగా, పాతకాలపు బడిపంతులమ్మ రాతలా ఉంది. వీరవేణి నీళ్లు తగ్గించమంది. వారానికి రెండో మెయిలు వచ్చింది. 'తగ్గించాను. ఇప్పుడు ఆకులు కూడా పసుపెక్కుతున్నాయి. నా భర్త పోయినప్పటి నుంచి ఇంట్లో నేను పలకరించేది దీన్నొక్కదాన్నే, అందుకని మీకు విసుగు తెప్పిస్తున్నాను, క్షమించండి.' వీరవేణి ఎరువు సంగతి రాసింది. రాస్తూ ఇది సరి కాదని మనసులో అనుకుంది. సంపెంగ ఎందుకు అలుగుతుందో చెప్పగల మనిషి పీట మీద లేదు.

మూడో మెయిలు ఒక మధ్యాహ్నం వచ్చింది. కరెంటు అప్పుడే వచ్చి ఫ్యాను తిరగడం మొదలెట్టింది. వీరవేణి పైకి చదువుతోంది.

'ఒక చిన్న విషయం చెప్పడం మరిచాను. కాండానికి ఒక చోట గుడ్డపీలిక కట్టి ఉంది. ముదురు నీలం మీద చిన్న తెల్లచుక్కలు. ముడి ఎలా వేశారో నాకు అంతు చిక్కలేదు. ఎవరో ఎంతో శ్రద్ధగా కట్టినట్టుంటే విప్పడానికి చేతులు రాలేదు. దానికి సరిగ్గా పైన కాండం ఉబ్బి ఉంది, బిగుతు ఉంగరం పెట్టుకున్న వేలు ఉబ్బుతుంది చూడండి, అలాగ.'

వీరవేణి చదవడం ఆపింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి పైకి కాదు.

తర్వాత లేచి మట్టి సంచులు నింపుతున్న చంద్రరావు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"ఏవండీ, కిందటేడు మన సంపెంగలు ఎక్కడికెళ్లినియ్యండి?"

"ఏ సంపెంగలు?"

"అత్తయ్య కట్టినవండి. నీలం పీలికలవి."

చంద్రరావు చేతులు దులుపుకున్నాడు. "హోసూరు బేరగాడు ఎత్తుకెళ్లేడు గదా, రెండు లారీలు. ఆడు ఎవడికి అమ్మేడో మనకేం తెలుసు? ఏం, ఎందుకు?"

"ఒకటి బెంగళూరులో ఉందండి. ఏడో అంతస్తులో, ఒకావిడింట్లో, గాజు బిగించిన బాల్కనీలో. ఎదగట్లేదంట, ఆకులు పసుపెక్కుతున్నాయంట."

"మీ కంపెనీ మొక్కలన్నీ సొంత ఫారంలో పుట్టినియ్యేనని గొప్పగా రాసుకుంటారు కదే?"

"రాసుకుంటారండి."

చంద్రరావు పెద్దగా నవ్వాడు. దేశంలో ఏ పూలకుండీ తలకిందులు చేసినా కడియం మట్టే రాలుతుందని అతని నమ్మకం. కానీ భార్య మొహం చూసి నవ్వు ఆపేశాడు. మట్టి సంచి మీద కూర్చున్నాడు. "అమ్మ ముడి ఇంకా ఉందా?" అన్నాడు, పిల్లవాడి గొంతుతో.

పక్కన కూర్చుని అంటు కడుతున్న బేబి తల ఎత్తింది. "ఉండబట్టే మొక్క చత్తంది, అమ్మగారండి. గాజు గదిలో పెట్టేరన్నమాట. వాన లేదు, మంచు లేదు. పీలిక ఎలా సివుకుద్ది? సంపూర్ణమ్మగారు ముడేసేరంటే వానొచ్చి విప్పుద్దని ఏసేరు. వానే లేని సోట మొక్కలు పెంచుతారని ఆ యమ్మకేం తెలుసు!"

అదీ సంగతి. ఇక్కడ కట్టినవాళ్లది తప్పు కాదు, అక్కడ పెంచుకున్నావిడదీ కాదు. ఒక బ్లేడు, రెండు నిమిషాలు చాలు. కానీ ఆ మాట రాయాలంటే ఈ మొక్క ఎక్కడ పుట్టిందో రాయాలి. కంపెనీ జవాబుల్లో పీలిక అన్న మాటే లేదు, ఎందుకంటే కంపెనీ ఫారంలో పీలికలు కట్టేవాళ్లు లేరు. అసలు ఆ ఫారమే ఉందో లేదో. పైగా ఇది మూడో మెయిలు. కూపను ఇచ్చి మూసేయాల్సినది.

ఆ రోజు శుక్రవారమే. నాలుగింటికి ఫోను మోగింది. వీరవేణి తొమ్మిది నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పడానికి పరీక్షకు కూర్చున్న పిల్లలా కాగితం మీద రాసిపెట్టుకుంది.

"సార్, ఈ మొక్కకి జబ్బు లేదు. కట్టు కోస్తే బతుకుతుంది. నేను ఆవిడకి సొంతంగా రాయాలి. అవసరమైతే నాలుగో మెయిలు కూడా."

"మూడయ్యాయి కదా, వీరా. కూపను ఇవ్వండి."

"కూపనుతో కట్టు ఊడదు సార్."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆయన వేరే ఏదో రాసుకుంటున్నాడు. "గుడ్డ సంగతి మన జవాబుల లిస్టులో ఉందా?"

"లేదు సార్. ఆ గుడ్డ మా అత్తగారిది. ఆవిడ కట్టిన ముడి అది. ఆ మొక్క మా తోటలోదే."

కీబోర్డు ఆగింది. పద్దెనిమిది నెలల్లో మొదటిసారి ఆయన ఆమె మాట విన్నాడు. "మన మొక్కలు మన ఫారంలోవి" అన్నాడు నెమ్మదిగా, చిన్నపిల్లకు ఎక్కం చెప్పినట్టు. "కస్టమరుకు వేరే మాట వెళ్లకూడదు. కాంట్రాక్టు వచ్చే నెల రెన్యూవల్‌కు వస్తోంది. ప్లాన్ అకార్డింగ్‌లీ."

ఆరు నిమిషాలకే పెట్టేశాడు.

వీరవేణి బల్ల ముందుకు జరిగింది. కూపను ఉన్న తయారు జవాబు తెర మీద సిద్ధంగా ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు, కాంట్రాక్టు ఉంటుంది, రోజూ ఎక్కడెక్కడి మొక్కల కబుర్లో ఈ రేకుల షెడ్డులోకి వస్తూనే ఉంటాయి. ఖాళీ పీటకేసి చూసింది. 'మూసెయ్యవే, మూసేసి ఉప్మా చెయ్' అని ఆ పీట అంటుందేమోనని చూసింది. అనలేదు.

తయారు జవాబు చెరిపేసింది. రాయడం మొదలుపెట్టింది.

'మిసెస్ పింటో గారూ, మీ మొక్క అలగలేదు. దానికి ఊపిరాడడం లేదు. పదునైన కొత్త బ్లేడు తీసుకోండి. ముడి వైపు కోయకండి, ముడికి సరిగ్గా వెనక వైపు, నిలువుగా, గుడ్డ మటుకే తెగేట్టు, బెరడుకు తగలకుండా మెల్లగా కోయండి. కింద గాడి పడి ఉంటుంది, భయపడకండి. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి రాయండి. పది రోజులు ఎరువు వద్దు. కిటికీ అద్దాలు తెరిచి పెట్టండి.

'ఈ మొక్క గోదావరి దగ్గర కడియం అనే ఊరిలో మా తోటలో పుట్టింది. ఆ గుడ్డ మా అత్తగారి చీరలోది. ముడి ఆవిడే వేశారు. మీకు అంతు చిక్కకపోతే మీ తప్పు కాదు, మూడేళ్లు తిట్టించుకున్నా నాకే పూర్తిగా రాలేదు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ చీరలో మిగిలిన ముక్క నాకు తెలిసి అదొక్కటే. దయచేసి పారేయకండి.'

కింద 'మీ గ్రీన్ ఎక్స్‌పర్ట్' అని అచ్చు దానంతట అదే పడింది. అది తుడిచేసి, వీరవేణి, కడియం, అని రాసి పంపేసింది.

సోమవారం పొద్దున్న కంప్యూటర్లో కంపెనీ తలుపు తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పంటూ ఎర్ర అక్షరాలు వచ్చాయి. మధ్యాహ్నానికి ఆమె సొంత మెయిలుకు ఒక వరస వచ్చింది. కాంట్రాక్టు కొనసాగించడం లేదని, ఇన్నాళ్ల సేవలకు ధన్యవాదాలని. కింద మాథుర్ గారి పేరు కూడా లేదు. ఫోను వంతు వచ్చిన శుక్రవారం నాలుగింటికి అది మోగుతుందేమోనని వీరవేణి షెడ్డులోనే ఉంది. ఆయన తిడతాడనుకుంది. తిడితే అనాల్సినవి నాలుగు మాటలు ఇంగ్లీషులో కూర్చి పెట్టుకుంది కూడా. మోగలేదు. తిట్టడానికైనా ఒక మనిషి కావాలి గదా అవతల.

"ఏడిసేడు" అన్నాడు చంద్రరావు. "మనవే ఆడికి ప్లాన్ అకార్డింగ్‌లీ అని రాద్దాం." వీరవేణి నవ్వలేదు.

ఆమె దిగులు ఉద్యోగం గురించి కాదు. కంపెనీ తలుపుతో పాటు మిసెస్ పింటో వైపు దారి కూడా మూసుకుపోయింది. ఆవిడ సొంత చిరునామా ఏదో, ఫోను ఏదో, ఏమీ తెలియదు. ఆ మెయిలు ఆవిడకు చేరిందో, మధ్యలోనే తుడిచేశారో తెలియదు. బ్లేడు బెరడుకు తగిలిందేమో. పసుపు ఎక్కువ రాసిందేమో. పీలిక చెత్తబుట్టలో పడిందేమో. శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. నర్సరీలో సంపెంగలు పూశాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా వీరవేణి చేస్తున్న పని ఆపి, ఏడో అంతస్తు ఎంత ఎత్తుంటుందో లెక్క కడుతున్నట్టు కొబ్బరిచెట్ల తలలకేసి చూసేది.

కంప్యూటరు మీద గోనెపట్టా కప్పి, బేబి పక్కన కూర్చుని మళ్లీ అంట్లు కట్టడం మొదలెట్టింది. తన పెళ్లినాటి ఆకుపచ్చ వాయిలు చీర చింపింది.

"ఆకుపచ్చ పీలికేంటండి అమ్మగారూ, ఆకుల్లో కలిసిపోద్ది. ఎవరు కట్టేరో ఎలా తెలుత్తాది?" అంది బేబి.

"తెలియకపోతే ఏం, బేబీ?"

"అదేం మాటండి. తెలవాల" అంది బేబి గట్టిగా. ఆ వారం వీరవేణి ముడులు రెండు వదులయ్యాయి. బేబి మారుమాట లేకుండా విప్పి మళ్లీ కట్టింది. తిట్టి ఉంటే బాగుండునని వీరవేణికి అనిపించింది.

కార్తీకమాసంలో, సంపూర్ణమ్మ సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు, పోస్టుమాన్ పల్లంరాజు గారు సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ ఒక మందపాటి కవరు ఊపాడు. దాని మీద ఇంగ్లీషులో 'వీరవేణి, అత్తగారు చీరలు చింపి మొక్కలు కట్టిన నర్సరీ, కడియం, ఆంధ్రా' అని ఉంది.

"ఈ కవరట్టుకుని వారం నుంచి తిరుగుతున్నానమ్మా. కడియంలో ఎన్ని నర్సరీలున్నాయో అంతమంది వీరవేణులున్నారు. ఒకావిడ మా అత్త చీరలు చింపదు, నన్నే చింపుద్దని ఏడిసింది. ఇంకొకావిడ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అత్తగారి కథంతా చెప్పి, ఆఖర్న కవరు నాది కాదంది!"

ఆయనకు మజ్జిగిచ్చి పంపి, వీరవేణి షెడ్డులో పీట మీద కూర్చుని కవరు చింపింది.

ఉత్తరం గుండ్రటి అక్షరాల్లో ఉంది. 'మీకు మెయిలు రాస్తే కంపెనీ నుంచి కూపను వచ్చింది. మూడుసార్లు రాశాను, మూడు కూపన్లు వచ్చాయి. అందుకని ఇలా రాస్తున్నాను, చేరుతుందన్న ఆశ తక్కువే. మీరు చెప్పినట్టే కోశాను. బ్లేడు బెరడుకు తగల్లేదు. నెలకు ఒక చిగురు వచ్చింది. ఇప్పుడు పదకొండు కొత్త ఆకులు. ఇంకా పూయలేదు. గుడ్డను ఉతికి, ముడి విప్పకుండా, బాల్కనీలో కుర్చీ చేతికి తగిలించాను. మధ్యాహ్నం కూర్చున్నప్పుడు దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంటాను. అది మీది. ఒక్క మాట రాయండి, పంపేస్తాను. మొక్క ఫోటో తీయించి పెడుతున్నాను.'

వీరవేణి గబగబా కాగితాల మధ్య వెతికింది. ఫోటో ఉంది.

తీసినవారు ఎవరో గాని, గాజు తలుపుకు ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టారు. ఫోటో నిండా తెల్లటి వెలుగు ముద్ద. ఒక అంచున ముడతలు పడ్డ చెయ్యి, కుర్చీ చేతి మీద నీలం పీలిక, తెల్లచుక్కలతో సహా. ఇంకో అంచున, వెలుగులోంచి బయటపడిన ఒకే ఒక ఆకు కొస. మొక్కంతా ఆ వెలుగు వెనకాల ఉంది.

చంద్రరావు వచ్చి భుజం మీదుగా వంగి చూశాడు. పీలిక మీద వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు. "పంపమని రాసెయ్యి. సంవత్సరీకానికి రాకపోయినా, ఎప్పటికో వత్తది."

వీరవేణి సాయంత్రం జవాబు రాసింది. ఇంగ్లీషులో, కాగితం మీద, పోస్టులో. పీలిక పంపొద్దని రాసింది. దాన్ని కుర్చీకి కాకుండా గాజు తలుపుకు బయట, కమ్మీకి, వాన తగిలే చోట కట్టమని రాసింది. మా అత్తగారు దాన్ని వానకు వదిలేయడానికే కట్టారు, అని రాసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఉంచేసింది. మొక్క ఫోటో మాత్రం ఇంకొకటి కావాలంది. పొద్దున్న పూట, ఫ్లాష్ లేకుండా, వెలుగు వెనక నుంచి కాకుండా పక్క నుంచి పడేటప్పుడు. పూసేదాకా ఆగినా ఫరవాలేదు. ఎన్నాళ్లయినా ఆగుతాను, అని రాసింది.

ఉత్తరం అంటించాక ఫోటోను గోనెపట్టా కప్పిన కంప్యూటరుకు ఆనించి పెట్టింది. కాసేపటికి మళ్లీ తీసింది. ఇటు తిప్పింది, అటు వంచింది, తలుపు దగ్గరికి తీసుకెళ్లి అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.

బుట్ట సర్దుకుని ఇంటికి బయల్దేరుతున్న బేబి ఆగింది. "ఏంటమ్మగారండి, ఫొటోకి ఎండ తగలకుండా నీడ పడతన్నారా?"

"ఆ తెల్లది కాస్త పక్కకి జరిగితే కనబడుద్దేమోనని, బేబీ."

బేబి బుట్ట కింద పెట్టి, తనూ వచ్చి చూసింది. మెడ వంచింది. చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరూ కలిసి తలుపు దగ్గర ఆ ఫోటోను మెల్లగా, అంటు కట్టిన కొమ్మను తిప్పినంత జాగ్రత్తగా తిప్పుతూ నిలబడ్డారు.